పిల్లలకు నీళ్లు పోసుకోవడం నేర్పాలంటే ఎండాకాలమే అదను

రాయలసీమ ఇళ్లలో స్నానం అనే మాట కన్నా నీళ్లు పోసుకోవడం అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. తలస్నానమైతే తలకు పోసుకోవడం, లేకపోతే ఒంటికి పోసుకోవడం. అవ్వ కాళ్లు చాపుకొని కూర్చుని, చంటిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకొని చేసేది మాత్రం నీళ్లు పోయడం. పోయడానికీ పోసుకోవడానికీ మధ్య ఉన్న తేడా ఒక్క "కొను". ఆ ఒక్క ముక్క దాటడానికి పిల్లలకు నాలుగైదేళ్లు పడుతుంది. అన్నం తినడం, చెప్పులు వేసుకోవడం, అఆలు దిద్దడం పనిగట్టుకుని నేర్పే ఇళ్లలో కూడా దీన్ని ఎవరూ ఒక పనిగా నేర్పరు. వయసు వస్తే అదే వస్తుందిలే అనుకుంటారు.

అందుకే కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏ వీధిలో చూసినా ఒక దృశ్యం మామూలు. ఏడేళ్ల పిల్లాడు బచ్చలిలో, అంటే నీళ్లు పోసుకునే చోట, చేతులు ముడుచుకొని నిలబడి ఉంటాడు, అమ్మ గబగబా చెంబుతో నీళ్లు గుమ్మరిస్తుంటుంది. బడి ఆటో హారన్ కొడుతుంటుంది. వాడికి చేతకాక కాదు. వాడి చేతికి చెంబు ఇస్తే పది నిమిషాలు పడుతుంది, అమ్మ పోస్తే మూడు నిమిషాల్లో అయిపోతుంది. పొద్దున ఏడు గంటలకు ఏ తల్లికైనా ఆ ఏడు నిమిషాలు చాలా పెద్ద మొత్తం. ఈ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ నేర్పడానికి పొద్దున పూట పనికిరాదన్న సంగతి మాత్రం ఇక్కడే తేలిపోతుంది.

ఫోన్లో వెతికితే ఈ విషయం మీద సలహాలకు కొదవలేదు. వాటిలో ఎక్కువ భాగం టబ్బులో కూర్చునే పిల్లల గురించి, షవర్ కింద నిలబడే పిల్లల గురించి చెప్పినవి. సీమ ఇంట్లో సామాను వేరు. ఒక బకెట్టు, ఒక చెంబో మగ్గో, కాళ్ల కింద నాపబండ, మూలన నీళ్లు నింపి పెట్టుకున్న డ్రమ్ము, చలికాలమైతే పొయ్యి మీద మసులుతున్న నీళ్లు. ఇక్కడి పిల్లలకు సొంతంగా నీళ్లు పోసుకోవడం నేర్పాలంటే ముందు ఈ సామాను వైపు చూడాలి. ప్రమాదాలు వచ్చేది పిల్లల తుంటరితనం వల్ల కన్నా ఈ సామాను అమరిక వల్లే ఎక్కువ.

వేడినీళ్ల లెక్క

అన్నిటికన్నా పెద్ద భయం కాలడం. 60 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని ఐదారు సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి. పిల్లల చర్మం పలచన కాబట్టి వాళ్లకు అంత సేపు కూడా అక్కర్లేదు. అదే 49 డిగ్రీల నీళ్లయితే అంత గాయం కావడానికి నిమిషాలు పడుతుంది. ఆ లోపు పిల్ల కేక వేస్తుంది, పక్కకు జరుగుతుంది, పెద్దవాళ్లు అందుకుంటారు. పది డిగ్రీల తేడాలో ఇంత తేడా ఉంది. పిల్లలున్న ఇంట్లో గీజర్ మీద ఉన్న తిరుగుడు మీటను 50 డిగ్రీల లోపుకు తిప్పి పెట్టాలని చెప్పేది ఇందుకే. ఒంటి మీద పోసుకునే నీళ్లు 37, 38 డిగ్రీలు ఉంటే సరిపోతుంది, అంటే ఒంటి వేడికి దగ్గరగా. థర్మామీటర్ లేకపోయినా మోచేయి ముంచి చూస్తే తెలుస్తుంది. అరచేయి పొయ్యి దగ్గర పనికి అలవాటు పడి మొద్దుబారి ఉంటుంది, దాన్ని నమ్మకూడదు.

గీజర్ లేని ఇళ్లలో, పల్లెల్లో, నీళ్లు పొయ్యి మీద కాగుతాయి. అక్కడ ప్రమాదం నీళ్లు పోసుకునేటప్పుడు కన్నా మోసుకొచ్చేటప్పుడు ఎక్కువ. సలసల కాగే నీళ్లున్న పెద్ద గిన్నెను గుడ్డతో పట్టుకొని, వంటింటి నుంచి బచ్చలి దాకా తెస్తుంటే, దారిలో పిల్లాడు అడ్డం పరిగెత్తుకొస్తాడు. లేదా బకెట్టులో ముందు వేడినీళ్లు పోసి, చన్నీళ్లు తేవడానికి వెనక్కి తిరిగిన ఆ అర నిమిషంలో పిల్ల చెయ్యి పెడుతుంది, తూలి పడుతుంది.

ఈ రెండు ప్రమాదాలనూ ఒక చిన్న లెక్కతో చాలావరకు తప్పించవచ్చు. నాలుగైదేళ్ల బిడ్డకు ఒంటికి పోసుకోవడానికి పది లీటర్ల నీళ్లు ధారాళంగా సరిపోతాయి. 25 డిగ్రీలున్న చన్నీళ్లు ఎనిమిది లీటర్లు తీసుకుని, దాంట్లో మరిగిన నీళ్లు రెండు లీటర్లు కలిపితే మొత్తం 40 డిగ్రీల దగ్గరికి వస్తుంది, తిప్పి కాసేపు ఆగితే ఇంకాస్త తగ్గుతుంది. రెండు లీటర్లు చాలు. పెద్ద కాగు నిండా కాచి మోసుకురావాల్సిన పనే లేదు. మూత బిగుతుగా ఉన్న చిన్న గిన్నెలో కాచి, పిల్లలు ఇంకో గదిలో ఉన్నప్పుడు తెచ్చి, ముందే చన్నీళ్లు నింపి పెట్టుకున్న బకెట్టులో కలిపి, చేత్తో బాగా తిప్పి, అప్పుడు పిల్లలను పిలవాలి. చన్నీళ్లు ముందు, వేడినీళ్లు తర్వాత. ఈ వరుస ఎన్నడూ తిరగబడకూడదు.

ఇక నీళ్లలో ముంచే కరెంటు కాయిల్. కొందరు రాడ్ అంటారు. తక్కువ ధరకు దొరుకుతుంది కాబట్టి అద్దె ఇళ్లలో, హాస్టల్ గదుల్లో ఇదే దిక్కు. కాయిల్ పెట్టిన బకెట్టు ఉన్న చోటికి పిల్లలు రాకూడదు, అంతే. దీనికి మినహాయింపులు లేవు. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, కాయిల్ బయటికి తీసి, పిల్లలకు అందని ఎత్తులో తగిలించాకే ఆ నీళ్లు వేడెక్కాయో లేదో చూడాలి. కరెంటు ఉండగా వేలు ముంచి చూసే అలవాటు చాలామంది పెద్దవాళ్లకు ఉంది. పిల్లలు చూసి నేర్చుకునేది దాన్నే. ఇనుప బకెట్టులో కాయిల్ అసలే పెట్టకూడదు. ఇంటి మీటరు బోర్డు దగ్గర 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే ఆర్‌సీసీబీ ఉంటే, కరెంటు నీళ్లలోకో ఒంట్లోకో లీకైన క్షణంలోనే సరఫరా తెగిపోతుంది. పిల్లలున్న ఇంటికి టీవీ కన్నా ముందు కొనాల్సిన వస్తువు అది. గ్యాస్ గీజర్ పెట్టుకున్న వాళ్లు దాన్ని బాత్రూమ్ లోపల పెట్టకూడదు. తలుపులు మూసిన చిన్న గదిలో అది మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. పిల్లలు నిద్రపోయినట్లే పడిపోతారు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా కాలితే? వెంటనే కాలిన చోట మామూలు చల్లదనం ఉన్న నీళ్లు 20 నిమిషాల పాటు ఆగకుండా పోయాలి. కొళాయి రాని వేళైతే డ్రమ్ములో నీళ్లు చెంబుతో తీసి పోస్తూనే ఉండాలి. ఇరవై నిమిషాలంటే చాలాసేపు అనిపిస్తుంది, పిల్ల ఏడుస్తుంటే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది, కానీ ఆపకూడదు. మిగతా ఒళ్లు చలికి వణకకుండా పొడిబట్ట కప్పాలి. పేస్టు, ఇంకు, పసుపు, నూనె, ఐసు ఏవీ పెట్టకూడదు. ఒంటికి అతుక్కుపోయిన బట్టను లాగకూడదు. తర్వాత శుభ్రమైన పలచటి బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి, పెద్ద గాయమైతే 108కి ఫోన్ చేయాలి.

నిలవ నీళ్లు

అనంతపురానికి ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అదొకటి. నీళ్లు రోజూ రాని చోట ఇళ్లు ఏం చేస్తాయి? వచ్చిన రోజు పట్టి దాచుకుంటాయి. ఇంటి ముందు సంపు, వాకిట్లో సిమెంటు తొట్టి, బచ్చలిలో నీలం డ్రమ్ము, దాని పక్కన నాలుగు బిందెలు. ఇది ఇక్కడి జీవనాధారం. చిన్నపిల్లలకు అదే అన్నిటికన్నా నిశ్శబ్దమైన ప్రమాదం.

నీళ్లలో మునగడం అంటే చెరువులు, కాలువలు గుర్తొస్తాయి. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లకు బకెట్టు చాలు. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. తొంగి చూస్తూ తలకిందులుగా పడితే, తిరిగి పైకి లేచే బలం చేతుల్లో ఉండదు. ముక్కూ నోరూ మునిగేంత నీళ్లు, అంటే రెండంగుళాలు ఉన్నా ప్రాణం పోవచ్చు. పైగా చప్పుడు కాదు. కేకలు, నీళ్లు ఎగరేయడం సినిమాల్లోనే. ప్రపంచమంతటా నీళ్లలో మునిగి చనిపోయే వాళ్లలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల రేటే ఎక్కువ.

కాబట్టి పెద్దపిల్లకు నీళ్లు పోసుకోవడం నేర్పే ఇంట్లో ఇంకా చిన్నపిల్ల ఉంటే, నేర్పాల్సిన మొదటి పాఠం చివరి పని గురించి: పోసుకోవడం అయ్యాక బకెట్టు బోర్లించడం. మిగిలిన నీళ్లు పారబోయాలంటే సీమ వాళ్లకు మనసు రాదు, రాకూడదు కూడా. కరివేపాకు చెట్టుకో, అరటి పాదుకో పోయించాలి. డ్రమ్ముకు బిగుతైన మూత, సంపుకు బరువైన మూత, దానికి తాళం ఉండాలి. రేకు ముక్క అడ్డం పెట్టి దాని మీద రాయి పెట్టడం మూత కాదు. ఆ రేకు మీద నిలబడి ఆడే పిల్లలు ఎంతమందో.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. "అక్క ఉందిలే, చూసుకుంటుంది" అని ఎనిమిదేళ్ల పిల్లకు రెండేళ్ల తమ్ముణ్ణి అప్పజెప్పి నీళ్లు పోయమనడం మన ఇళ్లలో ప్రేమగా జరిగే పనే. కానీ ఆ వయసు పిల్లకు అది మోయగలిగిన బాధ్యత కాదు. ఏదైనా జరిగితే ఆ పిల్ల జన్మంతా మోస్తుంది.

కాళ్ల కింద బండ

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె, తాడిపత్రి చుట్టుపక్కల గనుల నుంచి వచ్చే నాపబండలు, నల్లటి కడప బండలు ఈ నేల మీద ఇంటింటా ఉంటాయి. చవకగా దొరుకుతాయి, ఎండలో చల్లగా ఉంటాయి. నునుపు పట్టించిన బండ మీద సబ్బునీళ్లు పడితే మాత్రం పెద్దవాళ్లే నిలవలేరు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉండటం వల్ల సబ్బు నురగ రాకుండా తెల్లటి తెట్టుగా విరిగి బండకు అంటుకుంటుంది. దానికి పాచి తోడైతే అది నూనె పూసిన పలకే. కొత్తగా కట్టించుకునే వాళ్లు బచ్చలిలో నునుపు పట్టించని బండ వేయించుకోవాలి, లేదా ఉలితో గంట్లు కొట్టించుకోవాలి. అద్దె ఇళ్లలో అది కుదరదు కాబట్టి రంధ్రాలున్న రబ్బరు పట్ట పరచి, రోజూ దాన్ని ఎత్తి ఆరబెట్టాలి.

ఈ బండలు సున్నపురాయి జాతివి. యాసిడ్ పోస్తే రాయి తినేస్తుంది, బుసబుసమని పొంగుతుంది. అయినా తెట్టు పోవాలని యాసిడ్ పోసి కడిగే అలవాటు ఉంది, ఆ సీసా బచ్చలి మూలనే ఉండిపోతుంది, కొన్నిసార్లు పాత కూల్‌డ్రింక్ సీసాలో. సొంతంగా నీళ్లు పోసుకోవడానికి లోపలికి వెళ్లే పిల్లకు ఆ గదిలో చేతికందేవన్నీ తనవే అనిపిస్తాయి. యాసిడ్, ఫినాయిల్, బ్లేడ్లు ఆ గదిలోనే ఉండకూడదు. చించి పారేసిన షాంపూ ప్యాకెట్ ముక్క కూడా బండ మీద కాలు జారడానికి చాలు.

ఎండాకాలం ఎందుకు

ఇప్పటిదాకా చెప్పుకున్న వాటిలో కాలే ప్రమాదం, కరెంటు ప్రమాదం రెండూ వేడినీళ్లతో వచ్చేవి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో ఎండ 44 డిగ్రీలు తాకే రోజుల్లో వేడినీళ్ల మాటే ఉండదు. బడులకు ఏప్రిల్ చివర సెలవులిస్తే మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఆటో హారన్ ఉండదు. సాయంత్రం ఎండ తగ్గాక వాకిట్లో బండ మీదో, దొడ్లోనో పిల్లలు నీళ్లు పోసుకోవడం ఎలాగూ జరిగే పనే, ఎన్నిసార్లు పోసుకున్నా వద్దనరు. చలికి వణకడం లేదు కాబట్టి నెమ్మదిగా చేసినా ఇబ్బంది లేదు. నేర్చుకునే పిల్లకు కావాల్సింది తొందరలేని సమయం, పొరపాటు జరిగినా గాయం కాని నీళ్లు. ఆ రెండూ సీమలో ఒకేసారి దొరికేది ఈ ఆరేడు వారాలే. నీళ్ల కరువు కూడా ఈ నెలల్లోనే ఉంటుందన్నది నిజం. అందుకే పది లీటర్ల బకెట్టు ఒకటే పెట్టి, ఇందులోనే అయిపోవాలని చెప్పాలి. పల్లెల్లో ఇంటింటికీ కొళాయి నీళ్లివ్వడానికి పెట్టిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు పెట్టుకున్న లెక్కే 55 లీటర్లు. పిల్లకు పది లీటర్లలో పని ముగించడం అలవాటైతే అది కూడా ఒక చదువే.

ఎండాకాలంలో ఒక్క మోసం ఉంది. మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో, ఎండకు తేలిన పైపుల్లో మధ్యాహ్నం నీళ్లు ఒళ్లు చుర్రుమనేంత కాగుతాయి. చన్నీళ్ల కొళాయి తిప్పినా మొదట వచ్చేవి వేడినీళ్లే. వాటిని బకెట్టులో పట్టి నీడన పెట్టి, చల్లారాక వాడుకోవచ్చు. పిల్లలకు కొళాయి కింద నేరుగా తల పెట్టే అలవాటు మాత్రం చేయకూడదు.

చేతికి చెంబు

లీటరు నీళ్ల బరువు కిలో. పదిహేను లీటర్ల బకెట్టు నిండితే దాని బరువు నాలుగేళ్ల పిల్లాడి బరువుకు ఇంచుమించు సమానం. కాబట్టి బకెట్టు జరపడం, ఎత్తడం పిల్లల పని కాదు. ఇత్తడి చెంబులో లీటరు నీళ్లు నింపి తలపైకి ఎత్తమంటే నాలుగేళ్ల చెయ్యి వణుకుతుంది, సగం నీళ్లు వెనక్కి పోతాయి, ఇంట్లో వాళ్లు "నీకు రాదులే ఇటివ్వు" అంటారు. పాపం అది పిల్ల తప్పు కాదు, చెంబు తప్పు. అర లీటరు పట్టే చిన్న పిడి మగ్గు కావాలి. బకెట్టు కూడా పిల్ల నడుము ఎత్తుకు మించకూడదు, వంగి ముంచుకునేటప్పుడు కాళ్లు నేల మీదే ఉండాలి. కూర్చుని పోసుకోవడానికి ఎత్తు తక్కువ పీట ఉంటే జారిపడే భయం సగం తగ్గుతుంది.

నేర్పే వరుసలో చాలామంది మొదటి నుంచి మొదలుపెడతారు. అంటే మొదటి చెంబు పిల్లతో పోయించి, మిగతాదంతా తాము చేసేస్తారు. దాని కన్నా వెనక నుంచి మొదలుపెట్టడం మంచిది. నీళ్లు పోయడం, సబ్బు రాయడం, కడగడం అన్నీ పెద్దవాళ్లు చేసి, చివరి మూడు మగ్గులు మాత్రం పిల్లకు వదలాలి. పది రోజులకు సబ్బు కడుక్కోవడం అంతా పిల్లదే. ఆ తర్వాత సబ్బు రాసుకోవడం. ఆఖరున మొదటి మగ్గు. ఇలా చేస్తే ప్రతి రోజూ పని ముగించింది తనేనన్న సంతోషం పిల్లకే దక్కుతుంది. ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు రోజువారీ పనులు నేర్పేవాళ్లు వాడే పద్ధతి ఇది. మామూలు పిల్లలకూ అంతే బాగా పనిచేస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలున్న ఇళ్లు మండలంలోని భవిత కేంద్రంలో దీని గురించి అడగవచ్చు. అక్కడ ఇలాంటి పనులనే చిన్న చిన్న ముక్కలుగా విడదీసి నేర్పుతారు.

వయసు లెక్క కచ్చితంగా ఉండదు, అయినా ఒక అంచనా అవసరం. రెండు మూడేళ్లకు మగ్గు పట్టుకొని పొట్ట మీద, కాళ్ల మీద పోసుకుంటారు, అది ఆటే. నాలుగైదేళ్లకు చేతులు, పొట్ట, కాళ్లు రుద్దుకుంటారు, వీపు, తల పెద్దవాళ్లవి. ఆరేళ్లు వచ్చేదాకా నీళ్ల దగ్గర ఒంటరిగా వదలకూడదు, ఫోన్ మోగినా, పాలు పొంగినా సరే. ఆరేడేళ్లకు అన్నీ సొంతంగా చేస్తుంటే పెద్దవాళ్లు గడప దగ్గర ఉంటే చాలు. తల రుద్దుకోవడం ఎనిమిదేళ్లు దాటాక గానీ సరిగా రాదు. జడ ఉన్న ఆడపిల్లలకు ఇంకా ఆలస్యం. ఈ మొత్తంలో పెద్దవాళ్లు మొదట మాన్పించాల్సింది చేతుల సాయం, కళ్ల కాపలా మానేది అన్నిటికన్నా చివర. ఫిట్స్ వచ్చే పిల్లలకు మాత్రం ఈ లెక్క వర్తించదు. ఎంత పెద్దయినా గడియ పెట్టుకోకూడదు, పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే.

సబ్బు ఎక్కడెక్కడ చేరడం లేదో చూస్తే అందరు పిల్లలదీ ఒకటే జాబితా. చెవుల వెనక, మెడ మడతలు, చంకలు, బొడ్డు, గజ్జలు, మోకాళ్ల వెనక, కాలివేళ్ల సందులు. అనంతపురం ఎర్రమట్టిలో, ఆదోని వైపు నల్లరేగడిలో ఆడొచ్చిన పిల్లలకు కాలివేళ్ల సందులే పెద్ద పని. పై నుంచి కిందికి ఒకే వరుసలో చెప్పుకుంటూ రుద్దుకునేలా అలవాటు చేస్తే ఏదీ మరిచిపోరు. అంగన్‌వాడీల్లో ఒంటి భాగాల పాటలు వచ్చిన పిల్లలకు ఇది తొందరగా పట్టుబడుతుంది. చెవుల్లోకి పుల్లలు, దూది పుల్లలు వద్దు, బయటి చెవి తుడిస్తే చాలు. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలని మొదటి రోజే చెప్పాలి. వెనక నుంచి ముందుకు కడిగితే మలద్వారం దగ్గరి క్రిములు మూత్రనాళంలోకి చేరతాయి. మగపిల్లలకు ముందరి చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకూడదు, పై నుంచి కడిగితే సరిపోతుంది.

ఉప్పునీళ్ల ఇళ్లలో పిల్లలు నురగ రావడం లేదని సబ్బు అరిగేదాకా రుద్దుతారు. ఒళ్లు పొడిబారి దురద పుడుతుంది. రోజూ ఒళ్లంతా సబ్బు అవసరం లేదు. చంకలు, గజ్జలు, కాళ్లు, చేతులకు సబ్బు, మిగతా ఒంటికి పెసరపిండో శనగపిండో సరిపోతుంది. వీలైతే చివర ఒక మగ్గు మంచినీళ్లు పోసుకుని, తడి ఆరకముందే కాస్త కొబ్బరినూనె రాయాలి. ఎండాకాలంలో చెమటకాయలు లేచిన చోట మాత్రం నూనె వద్దు. ఫ్లోరైడ్ నీళ్లతో ఒంటికి పోసుకుంటే ఏమవుతుందోనన్న భయం ఇక్కడి తల్లులకు ఉంది. చర్మం గుండా ఫ్లోరైడ్ లోపలికి పోదు. ఆ నీళ్లు తాగితేనే పళ్లకు, ఎముకలకు చేటు. పోసుకుంటూ నోట్లోకి నీళ్లు తీసుకుని మింగే పిల్లలను మాన్పించాలి, అంతే.

తలకు పోసుకునే రోజు వేరే కథ. ఒంటికి హాయిగా పోసుకునే పిల్లలే కుంకుడుకాయ పులుసు చూస్తే ఇల్లంతా పరిగెత్తిస్తారు. ఆ మంట నిజమైనది. కుంకుడులో నురగ తెప్పించే పదార్థమే కంటిపొరను మండిస్తుంది. పట్టుకొని, అదిమి, తిట్టి పోస్తే ఆ భయం ఏళ్ల తరబడి పోదు. తల వంచమనడం కన్నా పైకెత్తి "మిద్దె చూడు" అంటే నీళ్లు వెనక్కి జారతాయి. మడిచిన పొడి తువాలు పిల్ల చేతికే ఇచ్చి కళ్ల మీద అదుముకోమనాలి. అన్నిటికన్నా పనిచేసేది, తల మీద మొదటి మగ్గు పిల్ల తనంతట తనే పోసుకోవడం. ఎప్పుడు పడతాయో తెలియని నీళ్లంటేనే భయం. తన చేత్తో పోసుకునే నీళ్లు ఎప్పుడు పడతాయో తనకు తెలుసు. నూనె పెట్టి తలంటిన రోజు బండ మీద నూనె జారుతుంది కాబట్టి ఆ రోజు పిల్లను కూర్చోబెట్టే పోయాలి.

గడియ, తలుపు

నీళ్లు పోసుకోవడం నేర్పేటప్పుడే ఒంటి గురించిన మాటలు సహజంగా చెప్పవచ్చు. ఏ భాగాన్ని ఏమంటారో ఇంట్లో ఒకే మాట ఉండాలి, అది చెప్పడానికి పిల్ల సిగ్గుపడకూడదు. "ఇక్కడ నువ్వే కడుక్కోవాలి. వేరేవాళ్లు ముట్టుకోకూడదు. నీకు చేతకాకపోతే అమ్మో అవ్వో కడుగుతారు. ఎవరైనా ముట్టుకొని ఎవరికీ చెప్పొద్దంటే వెంటనే నాకు చెప్పు." ఈ నాలుగు మాటలు మగ్గు చేతిలో ఉన్నప్పుడు చెబితే పాఠంలా ఉండదు. ఎవరికి నీళ్లు పోయించుకోవడం ఇష్టం లేదో పిల్ల చెబితే, ఆ మనిషి దగ్గరి బంధువైనా సరే, బలవంతం చేయకూడదు, నవ్వి తీసిపారేయకూడదు. పిల్లలపై లైంగిక నేరాలకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. సాయం కోసం 1098కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.

సొంతంగా పోసుకోవడం ఇక్కడి పిల్లలకు ముచ్చట కోసం నేర్పే విద్య కాదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి పంట కోతల కాలంలో గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టుబడి పనులకు వెళ్లే కుటుంబాలున్నాయి. అమ్మానాయన వెళితే పిల్లలు అవ్వ దగ్గరో, వలస పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లోనో ఉంటారు. అవ్వ బకెట్టు ఎత్తలేదు. హాస్టల్లో నీళ్లు పోసేవాళ్లు ఉండరు. గురుకులంలో ఐదో తరగతికి సీటు వస్తే పదేళ్ల పిల్ల తెల్లవారుజామున వరుసలో నిలబడి, ఇచ్చిన బకెట్టు నీళ్లలో, వెనక వాళ్లు తొందర పెడుతుంటే ముగించుకోవాలి. అప్పటిదాకా అమ్మే పోసిన పిల్లలు మొదటి నెలంతా తల పట్టించుకోరు, గజ్జల్లో సబ్బు కడుక్కోకుండా వచ్చేస్తారు. పేలు, తామర, గజ్జి ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవి, ఒళ్లు చూసుకోని పిల్లల్లో అవి ఎవరి కంటా పడకుండా ముదురుతాయి. ఇల్లు విడిచి వెళ్లే పిల్లకు ట్రంకు పెట్టె సర్దడం కన్నా ముందు ఒక వేసవి అంతా ఇది నేర్పి ఉండాలి.

జూన్‌లో బడి తెరిచాక నేర్చుకున్నది పోకుండా చూసుకోవడమే పని. పొద్దున వీలుకాకపోతే సాయంత్రానికి మార్చుకోవచ్చు. డిసెంబర్ చలి వచ్చినప్పుడు వేడినీళ్లు మళ్లీ ఇంట్లోకి వస్తాయి. అప్పుడు పిల్ల పోసుకోవడం తనదే, నీళ్లు కలపడం మాత్రం పెద్దవాళ్లది. కాగిన నీళ్ల గిన్నె ముట్టుకోవడం పదేళ్లు దాటాక, అదీ పక్కన ఉండి చూపించాక.

తలుపు విషయంలో కూడా ఒక వరుస ఉంది. మొదట బార్లా తెరిచి, తర్వాత ఓరగా, ఆ తర్వాత మూసి గడియ లేకుండా. పిల్లలకు అందే ఎత్తులో ఉన్న గడియను తీసేసి, బయటి నుంచి తీయగలిగే రకం వేయించడం మంచిది. లోపల ఇరుక్కుపోయి భయంతో ఏడ్చే పిల్లకు గడియ ఎటు లాగాలో తోచదు. మూసిన తలుపు బయట కూర్చుని బియ్యం ఏరుకుంటూ "అయిందా నాయనా?" అని మధ్యమధ్యలో అడుగుతుంటే చాలు. లోపలి నుంచి "ఇంకా రెండు మగ్గులుండాయమ్మా" అని జవాబు వస్తుంటుంది. నీళ్ల చప్పుడు, జవాబు రెండూ ఆగిపోతే లేచి చూడాలి. ఏడెనిమిదేళ్లకు ఒక రోజు ఆ పిల్లే "లోపలికి రావద్దు" అంటుంది. ఆ రోజు నుంచి తలుపు తట్టి, జవాబు విన్నాకే తోయాలి.